‘క్యాండిడేట్’ అనే మాటలో ఉన్నది నిజాయితీయా, సుద్దపొడా?

పలకాబలపం
సభ్యులందరికీ నమస్కారం. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు ఇంగ్లీషు పాఠం చెబుతాను. మొన్న తరగతిలో ‘క్యాండిడేట్’ అన్న మాట వచ్చినప్పుడు, ఎప్పుడో ఎవరో పంపిన సందేశంలో చదివిన విషయాన్ని పిల్లలకు చెప్పేశాను. రోమన్లలో పదవికి నిలబడేవారు తమ నిజాయితీకి గుర్తుగా తెల్లబట్టలు కట్టేవారని, ‘క్యాండిడ్’ అంటే దాపరికం లేనివాడు కనుక ‘క్యాండిడేట్’ అంటే నిష్కపటి అని అర్థమని ఆ సందేశం సారాంశం. వెనక బెంచీలో ఒక అబ్బాయి లేచి, “మరి క్యాండీ కూడా అందులోంచే వచ్చిందా మేడమ్, చక్కెర కూడా తెల్లగానే ఉంటుంది కదా?” అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది కానీ నా దగ్గర జవాబు లేదు. తెలిసినవారు ఈ మాట వంశవృక్షాన్ని కాస్త విడమరిచి చెప్పగలరా?

ధాతుపాఠి
అమ్మా, మీ విద్యార్థి అడిగిన ప్రశ్న చాలా మంచిది. ముందుగా దానికే జవాబు చెబుతాను. ‘క్యాండీ’కి లాటిన్‌తో సంబంధం లేదు. అది మన సంస్కృత ‘ఖండ’ శబ్దం; బెల్లం, చక్కెర ముక్క అన్న అర్థంలో పారశీకంలోకి ‘ఖంద్’గా, అరబ్బీలోకి ‘ఖందీ’గా వెళ్లి, అక్కడినుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. మన కండచక్కెర, కలకండ ఈ కుటుంబంలోవే. రెండు మాటల మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉన్నంత మాత్రాన రెండూ అన్నదమ్ములు కావని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మీకు దొరకదు.

ఇక ‘క్యాండిడేట్’. దీని లాటిన్ మూలం ‘కాండిడాటుస్’, దాని లోపల ఉన్నది ‘కాండిడుస్’ అనే విశేషణం, ఇంకా లోపల ఉన్నది ‘కాండేరె’ అనే క్రియ. ‘కాండేరె’ అంటే తెల్లగా మెరవడం, కణకణ మండి వెలగడం. క్యాండిల్, ఇన్‌కాండిసెంట్ బల్బు ఈ క్రియ నుంచి వచ్చినవే. దీనికే ఉపసర్గ చేరినప్పుడు లోపలి ‘కాన్’ కాస్తా ‘కెన్’ అవుతుంది. పూజలో వెలిగించే సుగంధద్రవ్యానికి ఇంగ్లీషులో ఉన్న ‘ఇన్‌సెన్స్’ అలా పుట్టింది.

లాటిన్‌లో తెలుపుకు రెండు మాటలు ఉన్నాయన్నది ఇక్కడ కీలకం. ‘అల్బుస్’ అంటే మామూలు తెలుపు, మెరుపు లేని తెలుపు. ‘కాండిడుస్’ అంటే కళ్లకు కొట్టే తెలుపు. రోమన్ పౌరుడు రోజూ ఒంటికి చుట్టుకునే ‘టోగా’ అనే వస్త్రం ఉన్నికి సహజమైన తెలుపులో ఉండేది. పదవి కోరేవాడి టోగా మాత్రం ‘కాండిడా’. సందేశం రాసినవారు ఈ తేడా గమనించినట్టు లేదు. అందరూ తెల్లబట్టలే కట్టే ఊళ్లో తెల్లబట్ట దేనికి గుర్తు అవుతుంది?

ల్యాబ్‌కోటు
మధ్యలో చిన్న మాట. మా ప్రయోగశాలలో రోజూ కనిపించే ‘కాండిడా ఆల్బికాన్స్’ అనే శిలీంధ్రం పేరులో ధాతుపాఠి గారు చెప్పిన రెండు తెలుపులూ ఉన్నాయని ఇప్పుడే అర్థమైంది. నోటిలో తెల్లని పూతలా కనపడుతుంది కనుక పేరు పెట్టినవారికి ఒక తెలుపు చాలలేదేమో. అగార్ పళ్లెంలో దాని కాలనీలు మీగడ రంగులో ఉంటాయి తప్ప మెరవవు. నా ఓటు ‘అల్బుస్’కే.

రేవుగట్టు
అందరూ తెల్లవే కట్టే చోట ఒకరి బట్ట మాత్రం మెరవాలంటే, ఆ పని ఎవరో ఒకరు రేవులో చేయాలి. మా తాతగారు బట్టలకు చవుడు పట్టించి, బానలో ఉబ్బ పెట్టి, తెల్లవారుజామున బండ మీద ఉతికి, చివరి నీళ్లలో నీలిమందు కలిపి జాడించేవారు. పెళ్లివారి పంచెలకు ఒక నీలి, మామూలు పంచెలకు ఒక నీలి. రోమన్లు ఆ మెరుపు ఎలా తెచ్చేవారో ఎవరైనా చెబితే వినాలని ఉంది. అందరూ కట్టినవాడి గురించే రాస్తున్నారు, ఉతికినవాడి గురించి ఎవరూ రాయడం లేదు.

నేపుల్స్_నుంచి
రేవుగట్టు గారి ప్రశ్నకు జవాబు సాక్షాత్తు 1వ శతాబ్దపు రోమన్ రచయిత పెద్ద ప్లినీయే ఇచ్చాడు. తన ‘ప్రకృతి చరిత్ర’ 35వ సంపుటంలో రంగుల గురించి, మట్టిరకాల గురించి చెబుతూ బట్టల శుభ్రత వరుసను వివరిస్తాడు. ముందు సార్డీనియా మట్టితో ఉతకాలి, తరువాత గంధకం పొగ పట్టించాలి, ఆ పైన కిమోలోస్ అనే గ్రీకు ద్వీపం నుంచి వచ్చే తెల్లమట్టితో రుద్దాలి. ఈ పని చేసేవారిని ‘ఫుల్లో’ అనేవారు. నేను ఉండేది నేపుల్స్ దగ్గర కనుక పాంపేయి అనే ప్రాచీన రోమన్ నగరపు శిథిలాల్లో స్టెఫానుస్ అనే పేరుతో పిలిచే రజకశాలను రెండుసార్లు చూశాను. వెనకవైపు వరుసగా తొట్లు, వాటి పక్కన మనిషి నిలబడి బట్టను కాళ్లతో తొక్కేందుకు చిన్న చిన్న గదుల్లాంటి గుంటలు ఉన్నాయి. ఆ గుంటల్లో మట్టితోపాటు నిలవబెట్టిన మూత్రాన్ని కూడా పోసేవారు, ఎందుకంటే అందులోని క్షారం జిడ్డును విడగొడుతుంది.

అంటే ‘కాండిడా’ అనే మెరుపు వెనక మీ తాతగారి చవుడులాంటిదే ఒక మట్టి ఉంది. లాటిన్‌లో ఈ తెల్లమట్టికి, సుద్దకు సాధారణమైన పేరు ‘క్రేటా’.

ధాతుపాఠి
‘క్రేటా’ మాట వచ్చింది కనుక ఇక అసలు సాక్ష్యాన్ని ముందుపెడతాను. 7వ శతాబ్దం తొలినాళ్లలో సెవిల్ నగరపు బిషప్ ఇసిడోర్ రాసిన ‘ఎటిమోలోగియే’ 19వ సంపుటంలో ఈ వాక్యం ఉంది. తెలుగు లిపిలో రాస్తున్నాను, నెమ్మదిగా చదవండి.

“టోగా కాండిడా ఎయాడెమ్‌క్వే క్రెటాటా, ఇన్ క్వా కాండిడాటీ, ఇద్ ఎస్ట్ మాగిస్ట్రాటుమ్ పెటెంటెస్, ఆంబియేబాంట్, ఆడిటా క్రేటా, క్వో కాండిడియోర్ ఇన్‌సిగ్నియోర్‌క్వే ఎస్సెట్.”

కాండిడా టోగా అంటే సుద్ద పట్టించిన టోగాయే; కాండిడాటులు, అంటే పదవిని కోరేవారు, దాన్ని కట్టుకుని తిరిగేవారు; మరింత మెరవాలని, ఎదుటివారి కంట పడాలని దానికి సుద్ద చేర్చేవారు అని దీని భావం. ఇసిడోర్ చెప్పే వ్యుత్పత్తుల్లో చాలావాటిని నమ్మలేము కానీ, ఇక్కడ ఆయన వ్యుత్పత్తి కంటే ముఖ్యంగా ఒక ఆచారాన్ని చెబుతున్నాడు, పాత సాక్ష్యాలు కూడా దానితో సరిపోతాయి. 1వ శతాబ్దపు వ్యంగ్యకవి పెర్సియుస్ పదవీకాంక్షను ‘సుద్ద పూసుకున్న కాంక్ష’ అనే ఎత్తిపొడిచాడు.

ఈ ఒక్క వాక్యంలో మూడు ఇంగ్లీషు మాటల పుట్టిల్లు ఉంది. ‘కాండిడాటీ’ నుంచి క్యాండిడేట్. ‘పెటెంటెస్’ అంటే కోరేవారు. దాని క్రియ ‘పెటెరె’ నుంచి పిటిషన్, కాంపిటీషన్. ‘ఆంబియేబాంట్’ అంటే చుట్టూ తిరిగేవారు. ‘ఆంబి’ అంటే చుట్టూ, ‘ఇరె’ అంటే వెళ్లడం. ఓట్ల కోసం ఆ చుట్టుతిరుగుడుకు ‘ఆంబిటియో’ అని పేరు, అదే ఆంబిషన్. తిరుగుడు డబ్బు పంచేదాకా వెళితే దాన్ని ‘ఆంబిటుస్’ అనే నేరంగా చూశారు. క్రీ.పూ. 63లో రోమ్ అత్యున్నత పదవిలో, అంటే కాన్సుల్‌గా ఉన్న సిసెరో తెచ్చిన చట్టం ఆ నేరానికి 10 సంవత్సరాల ప్రవాసశిక్ష జోడించింది.

ఇంకొక్క చమత్కారం చూడండి. ‘ఎయాడెమ్‌క్వే’, ‘ఇన్‌సిగ్నియోర్‌క్వే’ చివర ఉన్న ‘క్వే’ మన సంస్కృతంలో ‘మరియు’ అనే అర్థంలో వాడే ‘చ’. మాట చివర తగిలించే పద్ధతి కూడా అదే.

పతంగి
మాస్టారూ, ‘క్వే’ ఎక్కడ, ‘చ’ ఎక్కడ? ఇది మాత్రం నాకు నమ్మబుద్ధి కావడం లేదు. క్యాండీని కొట్టిపారేసిన మీరే ధ్వనిపోలిక కూడా లేని వీటిని ఎలా కలుపుతున్నారు?

ధాతుపాఠి
పోలిక మాత్రమే ఉండి క్రమం లేనిచోట అనుమానించాలి. పోలిక లేకపోయినా క్రమం ఉన్నచోట నమ్మాలి. ‘ఎ’, ‘ఇ’ వంటి అచ్చుల ముందు పాత కకారం తాలవ్యమై చకారం కావడం సంస్కృతంలో వరుసగా జరిగిన మార్పు. అందుకే లాటిన్ ‘క్వింక్వే’ మనకు ‘పంచ’. ఇది మీకు వింతగా ఉండనక్కరలేదు, తెలుగులోనూ ఇదే జరిగింది. కన్నడంవారి ‘కివి’ మనకు చెవి, వారి ‘కెరె’ మనకు చెరువు. కుటుంబం వేరైనా నోరు చేసే పని ఒకటే.

ఈ క్రమాన్ని పట్టుకుని ‘కాండేరె’ను వెతికితే సంస్కృతంలో దొరికేది ‘చంద్ర’ శబ్దం. ఋగ్వేదంలో చంద్ర అంటే మెరిసేది అనే విశేషణం. ఆకాశంలోని బింబాన్ని ‘చంద్రమస్’ అన్నారు, అంటే మెరిసే ‘మాస్’; ‘మాస్’ అంటే చంద్రుడే. కాలక్రమంలో విశేషణం ఒక్కటే నిలిచి బింబానికి పేరైపోయింది. ఈ శబ్దానికి మొదట్లో ఒక సకారం ఉండేది, ‘శ్చంద్ర’ అనే రూపం వేదంలోనే కనిపిస్తుంది. ఆ పాత సకారం మన అందరి నోళ్లలో ఇప్పటికీ నానే ఒక పేరులో భద్రంగా ఉంది, అదే హరిశ్చంద్రుడు. ‘హరి’కీ ‘చంద్ర’కూ మధ్య ఆ శకారం ఎక్కడిదో చెప్పడానికి పాణిని ప్రత్యేకంగా ‘ప్రస్కణ్వహరిశ్చంద్రావృషీ’ అనే సూత్రమే చేయవలసి వచ్చింది.

గోడరాత
అంటే ఓట్లడిగే క్యాండిడేటూ సత్యహరిశ్చంద్రుడూ ఒకే ఇంటివాళ్లన్నమాట! కాటిసీను పద్యాలు విన్న ఏ తెలుగువాడికీ ఈ చుట్టరికం మింగుడుపడదు.

పతంగి
క్రమం సంగతి ఒప్పుకున్నాను మాస్టారూ. మరి ‘పెటెరె’కు కూడా మన దగ్గర చుట్టాలున్నారా?

ధాతుపాఠి
మీరే ఉన్నారు. ‘పెటెరె’ అసలు అర్థం దేనివైపైనా దూసుకువెళ్లడం, తరువాతి అర్థం కోరడం. సంస్కృతంలో దాని జోడు ‘పతతి’, అంటే ఎగురుతుంది, పడుతుంది. పక్షి రెక్క అయిన పత్రం, ఎగిరేదైన పతంగం ఆ ధాతువులోవే. హైదరాబాదు మేడల మీద సంక్రాంతికి మీరు ఎగరేసే పతంగీ, కోర్టులో వేసే పిటిషనూ చాలా వెనకటి తరంలో ఒక తల్లి బిడ్డలు.

పలకాబలపం
మాస్టారూ, ధన్యవాదాలు. అయితే ఒక సందేహం మిగిలింది. ‘క్యాండిడ్’ అన్న మాటకు దాపరికం లేనితనం అన్న అర్థం ఉన్నమాట వాస్తవమే కదా. తెలుపు నుంచి నిష్కాపట్యం అనే అర్థం లాటిన్‌లోనే ఉంటే, నేను పిల్లలకు చెప్పింది పూర్తిగా తప్పు కాదేమో?

నేపుల్స్_నుంచి
మేడమ్, ఆ అర్థం లాటిన్‌లో ఉంది. కవి హోరస్ తన మిత్రుణ్ణి ‘కాండిడే యూడెక్స్’ అని, అంటే మనసులో ఏమీ పెట్టుకోని విమర్శకుడా అని సంబోధించాడు. కానీ అది ‘కాండిడుస్’ నుంచి విడిగా చీలిన కొమ్మ. ఇంగ్లీషులోకి కూడా రెండు మాటలూ 17వ శతాబ్దంలో వేర్వేరుగానే వచ్చాయి. ‘క్యాండిడ్’ అక్కడ మొదట తెలుపు, తరువాత పక్షపాతం లేనితనం, ఆ పైన మొహమాటం లేకుండా మాట్లాడటం అయింది. ‘క్యాండిడేట్’ మాత్రం బట్టనుంచి నేరుగా దిగింది.

ఆ బట్ట మీద రోమన్లకే ఎంత అనుమానమో చూడండి. క్రీ.పూ. 432లో పదవి అడగడానికి వెళ్లేవాడు బట్టకు తెలుపు చేర్చకూడదని సామాన్యుల ప్రతినిధులైన ప్రజాట్రిబ్యూన్లు చట్టం ప్రతిపాదించారని రోమన్ చరిత్రకారుడు లివీ తన చరిత్ర 4వ సంపుటంలో రాశాడు. ఇప్పుడు ఇది తీవ్రంగా పట్టించుకోనక్కరలేని చిన్న విషయంలా కనపడవచ్చు కానీ, అప్పట్లో పెద్దలకూ సామాన్యులకూ మధ్య పెద్ద పోరును రగిల్చిందని కూడా అక్కడే అన్నాడు. ‘రగిల్చింది’ అన్నచోట ఆయన వాడిన క్రియ ‘ఆక్కెండిట్’. మాస్టారు పైన చెప్పిన కాన్–కెన్ మార్పును గుర్తు చేసుకుంటే, ఆ క్రియ కూడా కాండిడాటుల కుటుంబంలోదేనని తెలుస్తుంది. లివీ కావాలనే ఆ మాట వేశాడని నేను అనను, కానీ చదివినప్పుడు నవ్వు వచ్చింది.

గ్రీకు రచయిత ప్లూటార్క్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. అభ్యర్థులు లోపలి చొక్కా లేకుండా టోగా ఒక్కటే చుట్టుకుని ఎందుకు తిరిగేవారని ప్రశ్న వేసుకుని, కొన్ని కారణాలు చెప్పాడు. యుద్ధంలో తగిలిన గాయాల మచ్చలు జనానికి కనపడాలని ఒకటి. లంచం డబ్బు బట్టల మడతల్లో దాచుకునే వీలు లేకుండా అని మరొకటి. ఆ ఆచారం ఉండేదన్న మాటను మాత్రం రోమన్ రాజనీతిజ్ఞుడు కేటో చెప్పినట్టుగా ఉటంకించాడు.

రేవుగట్టు
సుద్ద పట్టించిన బట్ట కట్టి ఎండలో తిరిగితే సాయంత్రానికి పొడి రాలుతుంది. చెయ్యి కలిపినవాడి చేతికీ అంటుకుంటుంది. ఇది అనుభవం మీద చెబుతున్నాను.

ధాతుపాఠి
రేవుగట్టు గారి మాటకు వ్యాకరణం కూడా వత్తాసు పలుకుతుంది. ‘కాండిడాటుస్’లోని చివరి ‘ఆటుస్’ను గమనించండి. గడ్డం ‘బార్బా’ అయితే గడ్డం ఉన్నవాడు ‘బార్బాటుస్’. టోగా చుట్టుకున్నవాడు ‘టోగాటుస్’. సంస్కృతంలో దీనికి దగ్గరగా ‘తదస్య సంజాతం తారకాదిభ్య ఇతచ్’ అన్న పాణిని సూత్రం ఉంది; నక్షత్రాలు పొడిచిన ఆకాశం తారకితం, పూలు పూసిన చెట్టు పుష్పితం. కాబట్టి ‘కాండిడాటుస్’ అంటే మెరుపు తెలుపు చేరినవాడు, తెల్లదనం తొడుక్కున్నవాడు. స్వభావంచేత తెల్లనివాణ్ణి చెప్పదలిస్తే ‘కాండిడుస్’ అన్న మాట సిద్ధంగానే ఉంది. రోమన్లు ఆ మాట వాడలేదు.

పదవి కోరేవాడికి లాటిన్‌లో ఉన్న మరో పేరు ‘పెటిటోర్’, అంటే కోరేవాడు, అడిగేవాడు. మన ‘అభ్యర్థి’ అచ్చంగా దానికి సరిపోతుంది. ఇంగ్లీషు చొక్కాను పట్టుకుంది, తెలుగు చాచిన చేతిని పట్టుకుంది. తెలుగులో ‘క్యాండిడేట్’ను నేరుగా వాడినప్పుడు మాత్రం అది మళ్లీ దారి తప్పి, “వాడు మామూలు క్యాండిడేట్ కాదురా” అన్నచోట గడుసువాడు అయి కూర్చుంది.

గోడరాత
మా నాన్నగారు ఖమ్మం వైపు ఊళ్లలో ఎన్నికల గోడరాతలు రాసేవారు. ముందురోజు గోడకు సున్నం కొట్టి, ఆరాక నీలంతోనూ ఎరుపుతోనూ రాసేవారు. సున్నం కొట్టిన గోడ మూలన పార్టీ పేరులో మొదటి అక్షరం వేసి వస్తే చాలు, ఆ గోడ ఇంకెవరూ ముట్టరు. ఏ పార్టీకి రాసినా చివరి పంక్తి ఒకటే, “అత్యధిక మెజారిటీతో గెలిపించ ప్రార్థన”. పాంపేయిలో కూడా గోడరాతలు ఉన్నాయని విన్నాను. అక్కడా ఇలాంటి చివరి పంక్తి ఉంటుందా?

నేపుల్స్_నుంచి
ఉంది, అదీ మూడే అక్షరాలలో. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కప్పేసిన ఆ ఊరి గోడల మీద ఎన్నికల రాతలు 2,500కు పైగా దొరికాయి. వాటిలో లెక్కలేనన్నిచోట్ల ‘ఓ’, ‘వి’, ‘ఎఫ్’ అనే మూడు అక్షరాలు కలిపి ఒకే గుర్తులా రాసి ఉంటాయి. అది ‘ఓరో వోస్ ఫాకియాటిస్’ అన్నదానికి పొడి అక్షరాలు. ఇతణ్ణి ఎన్నుకోవలసిందిగా మిమ్మల్ని వేడుకుంటున్నాను అని అర్థం. మీ నాన్నగారి ‘గెలిపించ ప్రార్థన’కు ఇంతకంటే దగ్గరి అనువాదం నాకు తోచడం లేదు. గాయుస్ యూలియుస్ పోలీబియుస్ అనే అభ్యర్థి పేరు కింద అదనంగా ‘పానెమ్ బోనుమ్ ఫెర్ట్’ అని రాశారు, అంటే మంచి రొట్టె తెస్తాడు. కిలో రెండు రూపాయల బియ్యం రోజులు చూసినవారికి దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు.

రాసే ముందు గోడకు తెల్లపూత పూసేవాణ్ణి ‘డెయాల్బాటోర్’ అనేవారు. ఆ మాటలో ఉన్నది ‘అల్బుస్’. గోడకు మామూలు తెలుపు, మనిషికి మెరుపు తెలుపు.

పలకాబలపం
నిన్న తరగతిలో, ముందు చెప్పింది తప్పని ఒప్పుకుని, ఇసిడోర్ వాక్యాన్ని బోర్డు మీద తెలుగు లిపిలోనే రాసి, ‘క్రేటా’ అనే మాట దగ్గర ఆగి, చేతిలోని సుద్దముక్కను చూపించాను. పాఠం అయ్యేసరికి నా చీర కుచ్చిళ్ల మీద ఎప్పటిలాగే తెల్లపొడి. వెనక బెంచీ అబ్బాయి, “మేడమ్, మీరూ క్యాండిడేటే” అన్నాడు. కలకండ సంగతి కూడా చెప్పాను, సంతోషించాడు. అతనిదే ఇంకో ప్రశ్న: చంద్రుడికి లాటిన్‌లో ‘లూనా’ అంటారు కదా, మరి చంద్ర శబ్దం క్యాండిడేట్‌లోకి వెళితే లూనా ఎక్కడిది?

ధాతుపాఠి
‘లూనా’ వేరే వెలుగు. వెలుతురు అనే అర్థంలో లాటిన్‌లో ఉన్న ‘లూక్స్’, సంస్కృతంలో ఉన్న ‘రుచ్’ ధాతువు, దాని నుంచి వచ్చిన రోచిస్సు దాని చుట్టాలు. చంద్రుడికి తన పాత పేరు ‘మాస్’ను వదిలేసి మెరుపును బట్టి కొత్త పేరు పెట్టడం రెండు భాషలూ చేశాయి కానీ, వేర్వేరు ధాతువులతో చేశాయి. పాత పేరు మనం నెలకు వాడే ‘మాసం’ అన్న మాటలో మిగిలింది, లాటిన్‌వారి నెల అయిన ‘మెన్సిస్’లోనూ మిగిలింది. ఆ అబ్బాయిని ఈ వేదికలో చేర్పించండి.

నేపుల్స్_నుంచి
లూనా మాట వచ్చింది కనుక గోడరాత గారికి ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. పాంపేయిలో గ్లాడియేటర్ల పోటీలను ప్రకటించే ఒక గోడరాత పక్కన దాన్ని రాసిన పనివాడు తన పేరు కూడా రాసుకున్నాడు. “రాసినవాడు ఐమీలియుస్ కెలెర్, ఒంటరిగా, వెన్నెల వెలుతురులో” అని ఉంటుంది. అక్కడి మాట ‘ఆడ్ లూనామ్’.

గోడరాత
మా నాన్నగారు కూడా రాత్రిళ్లే రాసేవారు. పగలు ఆ గోడకు ఎండ కొట్టి రంగు పొంగుతుందని చెప్పేవారు కానీ, అసలు కారణం ఇంకో పార్టీ పెయింటర్ ముందుగా వచ్చి సున్నం కొట్టేస్తాడేమోనన్న భయం. పెట్రోమాక్స్ దీపం పట్టుకుని పక్కన నిలబడింది నేనే.